ఆర్పకూడని కుంపటి

బైరివాడలో ముప్ఫై ఒక్క ఇళ్ల గోడలకు అంటించిన కాగితం రాసింది నేనే. అందులో ఏడో మాట ఇది: "కుంపటిని ఎప్పుడూ ఆర్పవద్దు. ఆరితే మళ్లీ వేడెక్కడానికి ఇరవై రోజులు పడుతుంది." పెద్ద అక్షరాలతో, అందరికీ అర్థమయ్యేటట్టే రాశాను. ఆర్పవద్దన్న మాట నిజమే. ఎందుకు ఆర్పవద్దో చెప్పిన కారణమే తప్పు. అప్పటికి నీకు తెలియదు కదా అని చాలామంది నన్ను వెనకేసుకొచ్చారు. వాళ్ల మంచితనానికి దండం. నాకు పూర్తిగా తెలియదన్నది నిజం కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు ఆడెపు శకుంతల. వరంగల్‌లో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్నాను. మా నాన్న, తాత, ముత్తాత నూలుకు రంగులద్ది బతికినవాళ్లు. ఆ బైరివాడలోనే పుట్టాను. పెళ్లి చేసుకోలేదు కాబట్టి అది నాకు పుట్టిల్లూ, ఉన్న ఒక్క ఇల్లూ. కాలేజీ దగ్గర గది తీసుకుని ఉంటున్నా, ఆదివారం వచ్చిందంటే తమ్ముడు మొగిలి ఇంట్లోనే నా తిండి. మొగిలికి ఒక్కతే కూతురు హారిక, తొమ్మిదేళ్లది. నేను దాన్ని కోడలు పిల్లా అంటాను. అది నన్ను అత్తా అని పిలిచి నా సంచీలో చేయి పెడుతుంది.

సంచీలో దానికోసం చాక్లెట్టు ఉన్నా లేకపోయినా ల్యాబు నుంచి ఏదో ఒక వింత ఉండాలి. ఒకసారి చిన్న నికెల్ రేకు తీసుకెళ్లాను. దారం కట్టి వేలాడదీస్తే పక్కనున్న అయస్కాంతానికి అంటుకుంది. కింద దీపం పెట్టి ఎర్రగా కాల్చాం. ఊడి పడింది. చల్లారాక మళ్లీ వెళ్లి అంటుకుంది. నికెల్ మూడు వందల యాభై డిగ్రీల పైన అయస్కాంత గుణం పోగొట్టుకుంటుందని, ఆ కిందికి రాగానే మళ్లీ తెచ్చుకుంటుందని నేను పంతులమ్మలాగా చెబుతుంటే, అది నా మాట మధ్యలోనే తేల్చేసింది. "అంటే అత్తా, వేడిల మర్సిపోతది, సల్లవడ్డంక యాదికొస్తది. గంతేనా?"

అంతే. కానీ ఆ ముక్క మా ల్యాబులో ఎవరికీ తట్టలేదు.

మా సారు పేరు వరదాచారి. నికెల్ పొడిలోకి హైడ్రోజన్ ఎక్కించి వేడి పుట్టించాలని ఆయన పదిహేనేళ్లు పోరాడాడు. కాలేజీలో వెనకాల నవ్వనివాళ్లు లేరు. నేనూ మొదట్లో జీతం కోసమే ఆ సీసాలు కడిగాను. అయితే ఒక వేసవిలో బిందె అంత ఉక్కు డబ్బా, లోపల గుప్పెడు నికెల్ పొడి, ఇరవై రోజులు ఓపిగ్గా హైడ్రోజన్ ఎక్కిస్తే, ఇచ్చిన కరెంటుకు తొమ్మిదింతల వేడి ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకరోజు కాదు, నెలలకొద్దీ. లోపల అయిదు వందల డిగ్రీలు. పక్కన రేడియేషన్ కొలిచే కౌంటరు పెట్టాం. అది గోడ గడియారమంత శబ్దం కూడా చేయలేదు. అయినా ల్యాబు రూలు ప్రకారం డబ్బా చుట్టూ సీసపు ఇటుకల గోడ కట్టి ఉంచాం.

ఇది ఎలా జరుగుతుందని నేను అడిగితే సారు రంగుల భాషలోనే చెప్పాడు. నూలు రంగును పీల్చినట్టు నికెల్ హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది. బాగా నిండిపోయాక ఒక్కొక్క హైడ్రోజన్ కేంద్రకం నికెల్ కేంద్రకంలోకి దూరి, నికెల్ కాస్తా రాగి అవుతుంది. అప్పుడు పుట్టే శక్తి మామూలుగా అయితే ప్రాణం తీసే కిరణంగా బయటికి రావాలి. ఇక్కడ అలా రావడం లేదు. చుట్టూ ఉన్న లక్షల పరమాణువులు కలిసి ఆ బరువును తలా కాస్త పంచుకుంటున్నాయి, ఆ పంపకమే మనకు వేడిగా అందుతున్నదని ఆయన నమ్మకం. ఎందుకు పంచుకుంటున్నాయంటే మాత్రం ఆయన కళ్లద్దాలు తుడుచుకునేవాడు. మెకానిజం ఇంకా దొరకలేదమ్మా అనేవాడు.

ఒక మే నెల ఆదివారం కరెంటు పోయింది, బ్యాటరీ కూడా చచ్చింది. సోమవారం వెళ్లేసరికి డబ్బా చల్లబడి ఉంది. ఎలాగూ ఆరిపోయింది కదా అని సారు దాన్ని కోయించి పొడి పరీక్షకు పంపాడు. అందులో రాగి కనబడింది. మేము వేయని రాగి. ఆ రోజు సారు పిల్లవాడిలాగా ఏడ్చాడు. నేను మిఠాయి తెచ్చి కాలేజీ అంతా పంచాను.

ఆ వారమే నా ఫిల్ము వెనక్కి వచ్చింది. ల్యాబులో మేము ఛాతీ మీద పెట్టుకునే చిన్న ఫిల్ము బిళ్ల అది. రేడియేషన్ తగిలితే నల్లబడుతుంది. నాది బొగ్గులాగా నల్లబడింది. ఆ ఆదివారం అది ఎక్కడ ఉందో నాకు రెండు రకాలుగా గుర్తు. సీసపు గోడ లోపల మేకుకు వేలాడే నా కోటుకు ఉన్నట్టు ఒక గుర్తు. ఎండలో నిలబెట్టిన స్కూటరు డిక్కీలో ఉన్నట్టు ఇంకొక గుర్తు. కోటుకు ఉంటే చల్లారుతున్న డబ్బా నుంచే ఏదో వచ్చిందని అర్థం. డిక్కీలో ఉంటే వేడికి పాడైందని రాసేయవచ్చు. అలాగే రాశాను. ఇంకొకసారి డబ్బాను చల్లార్చి చూద్దామని అడిగి ఉండవచ్చు. కానీ ఇరవై రోజుల పని పోతుంది, ఢిల్లీ నుంచి పెద్దలు చూడడానికి వస్తున్నారు, సారు మొహంలో పదిహేనేళ్ల తరవాత వెలుగు వచ్చింది. నోరు మూసుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవాలని, మొదటి కుంపట్లు మా వాడలోనే పెడదామని సారును ఒప్పించింది కూడా నేనే. కుంపటి అన్న పేరు నాదే. మా వాళ్లు రంగు కాగుల కింద తెల్లవారింది మొదలు కట్టెలు మండించేవాళ్లు. మా అమ్మ ఆ పొగతోనే ఊపిరి పోగొట్టుకుంది. ముప్ఫై ఒక్క ఇళ్లలో వంటగది గట్టు మీద ఒక్కొక్కటి బిగించాం. పైన రేకు మీద వంట, పక్కన గొట్టంలోంచి రంగు కాగుకు వేడి. కౌంటరు ఎలాగూ పలకదు కాబట్టి సీసపు ఇటుకలు అక్కర్లేదనుకున్నాం. ల్యాబులో మా ఇద్దరికీ సీసపు గోడ, వాడలో పిల్లలకు సున్నపు గోడ. ఆ తేడా ఇప్పుడు రాస్తుంటే కనబడుతున్నది. అప్పుడు కనబడలేదు.

మా పక్కింటి ఎల్లవ్వ అందరికంటే ముందు ఒప్పుకుంది. డెబ్బై దాటిన మనిషి, వాడలో ఆమె వేసిన ఎరుపుకు సాటి లేదు. నెల రోజులు వాడి చూసి నన్ను కేకేసి పిలిచింది. "పొగ లేదు, బూడిద లేదు, ఊదుడు లేదు. దీంట్ల దయ్యాన్ని గిన పెట్టినవా బిడ్డా?" అని, నా నెత్తి మీద చేయి పెట్టి మెటికలు విరిచింది. ఆ చలికాలం హారిక బడి నుంచి రాగానే కుంపటికి వీపు ఆనించి కూచుని లెక్కలు చేసుకునేది.

జనవరిలో ఒక పొద్దున లస్మయ్య తాత పోయాడు. వాడకు పెద్దమనిషి, తొంభై ఏళ్ల నిండు బతుకు. మా వాడలో ఒక కట్టుబాటు ఉంది. పీనుగ లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు, వెలిగేది ఉంటే ఆర్పాలి. చచ్చినవాడు ఆకలితో పడి ఉండగా పక్కింట్లో కూర తాలింపు వాసన రాకూడదని. బువ్వ లేకుండా ఉండడమే ఆ మనిషికి మేమిచ్చే మర్యాద. చిన్న పిల్లలకు మాత్రం పొరుగు వాడ నుంచి అటుకులో, రొట్టెలో వస్తాయి.

ఏడు గంటలకు మొగిలి ఫోను చేశాడు.

"అక్కా, లస్మయ్య తాత పోయిండు. కుంపట్లు బంద్ చెయ్యాల్నా, వద్దా? గది పొయ్యి కాదు, మిషను అని కొందరంటున్నరు. నువ్వు చెప్పినట్టే చేస్తరట."

ఆ క్షణం నాకు నల్లటి ఫిల్ము గుర్తొచ్చింది. దీన్ని దాచను. తలుపు సందులోంచి పిల్లి తొంగిచూసినట్టు వచ్చి వెళ్లిపోయింది. దాని వెనకే లస్మయ్య తాత గుర్తొచ్చాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బతుకమ్మ చూపించినవాడు. ఆయన శవం వాకిట్లో ఉండగా, చదువుకున్న ఆడెపోళ్ల బిడ్డ కట్టుబాటు చెరిపింది అన్న మాట నాకు వద్దనిపించింది.

"బంద్ చేసుకోండ్రి, ఏం కాదు. ఇరవై రోజులు ఓపిక పట్టాలె, గంతే."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. ముప్ఫై ఇళ్లలో మీటలు తిప్పేశారు. వాళ్లకు నేను రాసిన కాగితం గుర్తుంది. ఇరవై రోజుల నష్టమే కదా, తాతకోసం భరిద్దామనుకున్నారు. ప్రాణానికి ముప్పు అని రాసి ఉంటే ఒక్కరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఎల్లవ్వ ఒక్కతే ఆర్పలేదు. కాగులో ఎరుపు సగం పట్టిన నూలుంది. మధ్యలో చల్లారితే చారలు పడి మొత్తం పాడవుతుంది. కట్టుబాటు తప్పుతున్నానన్న భయంతో కుంపటి మీద తడి గోనె కప్పి, తలుపు దగ్గరేసి, అందరితోపాటు శవం దగ్గర కూచుని ఏడ్చింది.

నేను పది గంటలకు ల్యాబుకు వెళ్లి సారుతో ఈ సంగతి చెప్పాను. మనమెప్పుడూ నిండు డబ్బాను చల్లార్చి కొలవలేదు కదమ్మా, ముప్ఫై ఎలాగూ ఆరుతున్నాయి, మనదీ ఒకటి ఆర్పి చూద్దాం అన్నాడు. పది దాటాక మేమూ మీట తిప్పాం. డబ్బా మీద వేడిని పోనివ్వని మందపు గాజుదూది కాబట్టి వేడి మెల్లగా దిగుతుంది. మూడు వందల యాభైకి రావాలంటే ఏడు గంటలు. వాడలోవి మా కంటే మూడు గంటలు ముందున్నాయి. ఈ కూడిక అప్పుడు ఎవరం చేయలేదు.

లస్మయ్య తాత కొడుకు భివండీ నుంచి రావాలి, రైలు మూడింటికి. అందాకా పెద్దలంతా ఆ వాకిట్లో, వీధిలో, ఎండలో కూచున్నారు. పిల్లలను పీనుగ దగ్గర ఉండనీయరు. హారికతో కలిపి ఏడుగురు పిల్లలను మా ఇంట్లో పెట్టి, పెద్దదానివి నువ్వే చూసుకోమని దానికి చెప్పి మా మరదలు వెళ్లింది. చలి రోజు. వంటగదిలో కుంపటి ఇంకా గోరువెచ్చగా ఉంది. పిల్లలు దాని చుట్టూ చేరి కూచున్నారు. హారిక చిన్నవాళ్లకు అటుకులు పంచి, రోజూ కూచున్నట్టే వీపు ఆనించి కూచుని, వాళ్లకు కథలు చెప్పిందట. రెండు గంటల నుంచి మూడు దాటేదాకా.

మా డబ్బా అయిదు గంటల పది నిమిషాలకు మూడు వందల యాభై రెండుకు దిగింది. కౌంటరు ఒకసారి టిక్కుమంది. ఇంకొకసారి. ఆ తరవాత బాణలిలో పేలాలు వేగినట్టు ఒకటే మోత. సీసపు గోడ ఇవతల నిలబడి నేను గడియారంలో మూడు గంటలు వెనక్కి లెక్కపెట్టాను. సారు మాత్రం లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతున్నది.

"శకుంతలా, మెకానిజం దొరికింది."

ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గబగబా గీశాడు. వేడిలో పరమాణువులన్నీ కలిసి శక్తిని పంచుకుంటున్నాయి. మూడు వందల యాభై కిందికి దిగగానే నికెల్ మళ్లీ అయస్కాంతమవుతుంది, ఆ పొందిక చెడిపోతుంది. హైడ్రోజన్ నిండుగానే ఉంది, రాగి పుడుతూనే ఉంది, బరువు పంచుకునేవాడే లేడు. అందుకే ఒక్కొక్కటీ తన శక్తిని కిరణంగా బయటికి విసురుతున్నది. ఖాళీ డబ్బాను వేడి చేసేటప్పుడు ఏమీ రాదు, నిండు డబ్బా చల్లారేటప్పుడే వస్తుంది. గంటసేపు. అంతా ఆ బోర్డు మీద చక్కగా అమరింది. చివరి గీత గీసి ఆయన నా వైపు తిరిగాడు. నా మొహం చూశాక ఆయన చేతిలో సుద్ద జారిపోయింది.

మొగిలి ఫోను ఎత్తలేదు. శ్మశానంలో ఉన్నాడు. స్కూటరు మీద వాడకు ఎలా వెళ్లానో తెలియదు. మా ఇంటి ముందు మరదలు హారిక తల పట్టుకుని వాంతి చేయిస్తున్నది. పొరుగు వాడ అటుకులు పడలేదేమోనని ఎవరో అంటున్నారు, తాత మీద బెంగ పెట్టుకుందని ఇంకెవరో. తక్కిన ఆరుగురు పిల్లలకూ వాంతులే. అక్కడే గడప మీద కూలబడి, అందరూ వినేటట్టు, కుంపట్ల నుంచి ఏమి వచ్చిందో చెప్పాను.

పెద్దలకు తగిలింది తక్కువ. వాళ్లు వీధిలో ఉన్నారు, దూరంగా. పిల్లలను పెద్ద దవాఖానలో అద్దాల గదిలో ఉంచారు. డాక్టరు లెక్కలు చూసి, హారికకు వీపు వైపు అందరికంటే ఎక్కువ తగిలిందని నెమ్మదిగా చెప్పాడు. ఆ బయట బల్ల మీద మొగిలి నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నీకు ముందుగాల తెల్సా అక్కా?"

"అనుమానం ఉండె" అన్నాను.

తరవాత వాడు నాతో మాట్లాడలేదు. కొట్టి ఉంటే బాగుండేది. వాడు కొట్టే మనిషి కాడు.

సారు ప్రభుత్వానికి అంతా రాసిచ్చి, కాలేజీ మానేశాడు. ఆ మెకానిజం కాగితం ప్రపంచమంతా చదివిందట. దాని మీద నా పేరు కూడా వేశాడు. తీసేయమని అడిగాను. నిజం రాసినచోట నీ పేరు ఉండాలి అన్నాడు. అది శిక్షో మర్యాదో నాకిప్పటికీ తెలియదు.

మూడో వారంలో హారిక జుట్టు దువ్వెనకు రావడం మొదలైంది. మాస్కు కట్టుకుని రోజూ దాని దగ్గర కూచునేదాన్ని. మిగతావాళ్లు దానితో అబద్ధాలు చెప్పేవాళ్లు. అది నన్నే అడిగింది, కుంపట్లో ఏమైందని. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. నికెల్ రేకు గుర్తు చేసి, చల్లారేటప్పుడు ఏమవుతుందో చెప్పాను. కళ్లు మూసుకుని విన్నది. పెదవులు పగిలి ఉన్నాయి.

"అయితే నికెల్‌కు యాదికొచ్చిందన్నట్టు" అంది. కళ్లు తెరిచి, "నేను మొదాలే చెప్పిన గద అత్తా" అంది.

చెప్పింది. దీపం ముందు కూచుని, తొమ్మిదేళ్ల పిల్ల, ముందే చెప్పింది.

ముప్ఫై ఎనిమిదో రోజు పొద్దున హారిక పోయింది.

ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. వాడలో మళ్లీ కట్టెపొయ్యిలే నడుస్తున్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఇంటింటా నీళ్లు చల్లిన చప్పుడు వినబడింది. ఆరిన కట్టెల పొగ వీధంతా కమ్మింది. మిగిలింది ఎల్లవ్వ కుంపటి ఒక్కటే. దాన్ని వేడిగా ఉండగా కదపలేం. వాడ మొత్తం ఖాళీ చేయించి చల్లార్చాలి. ఆఫీసర్లు వచ్చే సోమవారానికి రోజు పెట్టారు. అప్పటిదాకా కాపలా నేనే. ఎల్లవ్వ దాని మీదే దవాఖానలోని పిల్లలకు రోజూ మెత్తగా అన్నం వండేది. దవాఖాన అన్నం వాళ్లు ముట్టడం లేదు. ఇంటి అన్నం అయితే రెండు ముద్దలు దిగేవి. పదకొండు గంటలకు మిగిలిన ఆరుగురికి టిఫిన్ డబ్బాలు వెళ్లాలి.

ఆ రోజు పది దాటింది. ఎల్లవ్వ జనం మధ్యలోంచి వచ్చి నా ముందు కూచుంది. గొంతు తగ్గించి అడిగినా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది.

"బిడ్డా, తప్పైతే కొట్టు. కుంపటి బంద్ చెయ్యాల్నా, వద్దా?"

అదే ప్రశ్న. మొదటిసారి జవాబు చెప్పినదాని ఫలితం ఎదురుగా తెల్లగుడ్డ కప్పుకుని ఉంది. వాడ వాడంతా నా వైపు చూస్తున్నది. కూతురి కాళ్ల దగ్గర కూచున్న మొగిలి తల ఎత్తాడు. ముప్ఫై ఎనిమిది రోజుల తరవాత నా వైపు చూశాడు, కానీ మాట్లాడింది ఎల్లవ్వతోనే.

"బంద్ చెయ్యకు. పోరగాండ్లు ఆకలితోని ఉంటరు. వండు."

ఎల్లవ్వ లేచింది. ఆమె వెనక నేనూ వెళ్లాను. బియ్యం కడిగింది ఆమె, కుంపటి మీద గిన్నె పెట్టింది నేను. మా బైరివాడలో వాకిట్లో పీనుగ ఉండగా అన్నం ఉడకడం నాకు తెలిసి అదే మొదలు. ఆ వాసన సందులోంచి మా వాకిట్లోకి వెళ్లింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. అలవాటు కొద్దీ ఏడు డబ్బాలు కడిగి పెట్టుకున్నాను. ఆరింటిలో పెట్టి, ఏడోది బోర్లించాను.